సి లో లెక్క తప్పినప్పుడు: డేటా టైపుల తప్పులు పట్టుకోవడం, సరిచేయడం

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు తెలుగు ఇళ్ల పిల్లలు ప్లస్ టూలోనో, డిప్లొమాలోనో, బీటెక్ మొదటి ఏడాదిలోనో సి ప్రోగ్రామింగ్ భాష మొదలుపెడతారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కంపైలరు (మనం రాసిన కోడ్‌ను మిషన్ భాషలోకి మార్చేది) మాట్లాడేది ఇంగ్లీషు. అది చూపించే సందేశం సగమే అర్థమై, ఎక్కడ తప్పిందో తెలియక, ప్రోగ్రాం మొత్తం చెరిపి మళ్లీ మొదటినుంచి రాసేవాళ్లు చాలామంది. అంత కష్టం అక్కర్లేదు. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, శేషం గుర్తుల దగ్గర వచ్చే టైపు తప్పులు దాదాపు అన్నీ ఒకే నియమం దగ్గరికి వచ్చి ఆగుతాయి.

ముందు ఒక గమనిక. ఇక్కడ కోడ్‌లో ఇంట్ (పూర్ణాంకం టైపు), డబుల్ (దశాంశ సంఖ్య టైపు), ప్రింట్ఎఫ్ (తెరమీద చూపించేది) లాంటి మాటలు తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. మిషన్ మీద వాటిని ఇంగ్లీషు చిన్నక్షరాల్లోనే కొట్టాలి. వేరియబుల్ పేర్లు మాత్రం జీసీసీ అనే కంపైలరు 10, ఆపై వెర్షన్లలో తెలుగులో రాసినా పనిచేస్తాయి. పరీక్షలో మాత్రం అలా రాయకండి.

ఆ నియమం ఇది: లెక్క ఏ రకంగా జరగాలో తేల్చేది గుర్తుకు అటూ ఇటూ ఉన్న రెండు విలువల టైపులే. జవాబు వెళ్లి చేరే వేరియబుల్ టైపుకు అందులో ఏ పాత్రా లేదు. కుంచంతో కొలిచి గాదెలో పోసినా కొలత కుంచం కొలతే, గాదె పెద్దదని ధాన్యం పెరగదు. ముందు కుడివైపు లెక్క పూర్తవుతుంది, తర్వాతే జవాబు ఎడమవైపు టైపులోకి మారుతుంది. ఈ వరసను మనసులో పెట్టుకుని కింది కేసులు చూడండి.

భాగహారంలో దశాంశం మాయమవడం

మూడు సబ్జెక్టుల మార్కులు 70, 65, 65. మొత్తం 200. సగటు 66.67 రావాలి.

ఇంట్ మొత్తం = 200;
డబుల్ సగటు = మొత్తం / 3;
ప్రింట్ఎఫ్("%.2ఎఫ్", సగటు);

తెరమీద 66.00 వస్తుంది. మొత్తం ఇంట్, 3 కూడా ఇంట్. ఇంట్‌ని ఇంట్‌తో భాగిస్తే జవాబు ఇంటే. అంటే 66. ఆ 66 డబుల్‌లోకి వెళ్లి 66.00 అయింది. పోయిన 0.67 ఇంక తిరిగి రాదు.

సరిచేయడానికి రెండిట్లో ఒకటి డబుల్ అయితే చాలు, రెండోదాన్ని కంపైలరే పైకి ఎత్తుకుంటుంది. 3 బదులు 3.0 అని రాయండి. రెండూ వేరియబుల్సే అయితే క్యాస్ట్ వాడండి, అంటే విలువ ముందు బ్రాకెట్లో టైపు పేరు రాసి దాన్ని ఆ టైపులోకి మార్చండి:

డబుల్ సగటు = (డబుల్)మొత్తం / సంఖ్య;

క్యాస్ట్‌ను ఎక్కడ పెట్టారన్నదే అసలు విషయం. (డబుల్)(మొత్తం / సంఖ్య) అని రాస్తే బ్రాకెట్లో భాగహారం ముందే ఇంట్‌గా అయిపోతుంది, క్యాస్ట్ చేసినా 66.00 వస్తుంది. ల్యాబులో "క్యాస్ట్ పెట్టాను సార్, అయినా రావట్లేదు" అన్నప్పుడు మొదట చూడాల్సింది ఈ బ్రాకెట్టే.

ఇక్కడ కంపైలరు మీద పూర్తిగా ఆధారపడలేం. -డబ్ల్యుకన్వర్షన్ అనే హెచ్చరిక వేసుకుంటే, సగటు ఫ్లోట్ (డబుల్ కన్నా చిన్న దశాంశ టైపు) అయినప్పుడు జీసీసీ ఒక వార్నింగ్ ఇస్తుంది. అదే డబుల్ అయితే నోరు మెదపదు, ఎందుకంటే ఇంట్ విలువ ఏదైనా డబుల్‌లో పూర్తిగా పడుతుంది, మార్పిడిలో నష్టం లేదు. నష్టం అంతకు ముందే భాగహారంలో జరిగిపోయిందని అది చెప్పదు. కాబట్టి మీ ప్రోగ్రాంలో / గుర్తు ఉన్న ప్రతి చోటా కళ్లతోనే చూసుకోవాలి.

ఇదే తప్పు వేరే వేషాల్లో వస్తుంది. త్రిభుజ వైశాల్యానికి 1/2*భూమి*ఎత్తు అని రాస్తే ఎప్పుడూ సున్నాయే, 1/2 దగ్గరే 0 అయిపోయింది కదా. ఫారెన్‌హీట్‌ను సెల్సియస్ చేసే 5/9*(ఎఫ్-32) కూడా అంతే. శాతం లెక్కలో 600కి 437 వచ్చాయనుకోండి, మార్కులు/600*100 సున్నా ఇస్తుంది. *, /, % మూడిటికీ ఒకే ప్రాధాన్యం, ఎడమనుంచి కుడికి నడుస్తాయి. అందుకే 437/600 ముందు జరిగి 0 అవుతుంది, ఆ సున్నాను 100తో గుణించి లాభం లేదు. 100*మార్కులు/600 అంటే 72 వస్తుంది, దశాంశం ఇంకా లేదు. 100.0*మార్కులు/600 అంటే 72.83. సూత్రాన్ని పుస్తకంలో ఉన్న వరసలోనే కొట్టేయడం అలవాటు, అందుకే ఇది ఇంత ఎక్కువగా కనిపిస్తుంది.

x *= 3/2 కూడా ఇంతే. కుడివైపు 3/2 విడిగా ముందు లెక్కకు వస్తుంది, 1 అవుతుంది, x ఎంత ఉన్నదో అంతే ఉంటుంది. x ఇంట్ అయి, విలువ 5 అయితే, x *= 1.5 మాత్రం 7 ఇస్తుంది. 7.5లో పాయింటు తర్వాతది ఇంట్‌లోకి మారేటప్పుడు తెగిపోతుంది.

ఇంట్ భాగహారం అన్నిసార్లూ తప్పు కాదు. 1030 కిలోల ధాన్యానికి 50 కిలోల బస్తాలు ఎన్ని నిండుతాయంటే 1030/50 = 20 సరైన జవాబే. మిగిలినదానికి కూడా ఒక బస్తా కావాలంటే (1030 + 49)/50 అని రాస్తే 21 వస్తుంది. కావాలని వాడుకున్నది వేరు, తెలియక పడింది వేరు.

శేషం గుర్తు

% రెండు వైపులా పూర్ణాంకాలే అడుగుతుంది. 12.5 మీటర్ల తానులో 5.5 మీటర్ల చీరలు కోశాక ఎంత మిగులుతుందని 12.5 % 5.5 రాస్తే కంపైలు కాదు. జీసీసీ "ఇన్వాలిడ్ ఆపరాండ్స్ టు బైనరీ %" అంటుంది. అంటే % గుర్తుకు పనికిరాని రకం విలువలు ఇచ్చారని. టర్బో సి అనే పాత కంపైలరు అయితే "ఇల్లీగల్ యూజ్ ఆఫ్ ఫ్లోటింగ్ పాయింట్" అంటుంది. రెండిటి అర్థం ఒకటే.

రెండు దార్లున్నాయి. మ్యాథ్ హెడర్ పెట్టి, దశాంశాల శేషం ఇచ్చే ఎఫ్‌మాడ్(12.5, 5.5) అంటే 1.5 వస్తుంది. లైనక్స్‌లో జీసీసీ వాడితే కమాండ్ చివర, ఫైలు పేరు తర్వాత -ఎల్‌ఎమ్ చేర్చాలి. చేర్చకపోతే "అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్ టు ఎఫ్‌మాడ్" అనే లింకర్ ఎర్రర్ రావచ్చు. ఆ ఎర్రర్ వస్తే మీ కోడ్ తప్పని అర్థం కాదు, లైబ్రరీ కలవలేదని అర్థం. రెండో దారి, మా దృష్టిలో మంచి దారి, సెంటీమీటర్లలోకి మార్చడం: 1250 % 550 = 150. బట్ట కొట్టులో కొలిచేదీ సెంటీమీటర్లలోనే కదా.

రుణ సంఖ్యలతో శేషం ఇంకో చిక్కు. 1999 నాటి సి99 ప్రమాణం నుంచి ఇంట్ భాగహారం సున్నా వైపు తెగుతుంది: -7/2 అంటే -3, -7%2 అంటే -1. అంతకు ముందు 1989 ప్రమాణం ఈ విషయాన్ని కంపైలరు తయారీదారులకే వదిలేసింది. వారాల లెక్కలో ఇది కొడుతుంది. ఆదివారం 0 అనుకుంటే, రాయగడ జిల్లా చటికొనలో సంత జరిగే బుధవారం 3. సంతకు 8 రోజుల ముందు ఏ వారం అని (3 - 8) % 7 రాస్తే -5 వస్తుంది. దాన్ని వారాల పేర్ల అరేకి ఇండెక్స్‌గా ఇస్తే అరే బయటి మెమరీ చదువుతారు. ఇలా రాయండి:

రోజు = ((3 - 8) % 7 + 7) % 7;

జవాబు 2, మంగళవారం.

సున్నాతో భాగహారం గురించి ఒక్క మాట. ఇంట్‌ని 0తో భాగిస్తే సి ప్రమాణం ప్రకారం ఏమైనా జరగవచ్చు. మామూలు ఇంటెల్, ఏఎండీ కంప్యూటర్లో లైనక్స్ మీద ప్రోగ్రాం "ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్" అని చచ్చిపోతుంది. పేరులో ఫ్లోటింగ్ పాయింట్ ఉందని ఫ్లోట్ వేరియబుల్స్ వెతుకుతూ కూర్చోకండి, అది పూర్ణాంకాల తప్పే. ధన విలువ ఉన్న డబుల్‌ని 0.0తో భాగిస్తే ఈ మిషన్ల మీద ఆగదు, ఇన్ఫ్ (అనంతం) అని ప్రింటవుతుంది. రెండిటికీ మందు ఒకటే, భాగించే ముందు ఇఫ్ పెట్టి సున్నానా కాదా చూడటం.

పట్టనంత పెద్ద జవాబు

ఈ రోజుల్లో ఇంట్ సాధారణంగా 32 బిట్లు, గరిష్ఠం 2147483647. సుమారు 214 కోట్లు. చాలా పెద్దదనిపిస్తుంది గానీ డబ్బును పైసల్లో లెక్కేస్తే త్వరగా నిండిపోతుంది. బస్తా ధర 1750 రూపాయలు, అంటే 1,75,000 పైసలు. బస్తాలు 15,000 అనుకుందాం.

ఇంట్ ధర = 175000, బస్తాలు = 15000;
లాంగ్ లాంగ్ మొత్తం = ధర * బస్తాలు;

రావాల్సింది 2625000000. సాధారణంగా వచ్చేది -1669967296. ఎడమవైపు ఇంట్ కన్నా పెద్ద టైపు లాంగ్ లాంగ్ పెట్టాం కదా అనిపిస్తుంది. పైన చెప్పిన నియమమే: ధర ఇంట్, బస్తాలు ఇంట్, కాబట్టి గుణకారం ఇంట్‌లోనే జరిగి పొంగిపోయింది, పాడైన జవాబు లాంగ్ లాంగ్‌లోకి భద్రంగా చేరింది. సవరణ:

లాంగ్ లాంగ్ మొత్తం = (లాంగ్ లాంగ్)ధర * బస్తాలు;

ప్రింట్ చేసేటప్పుడు %డి కాదు, %ఎల్‌ఎల్‌డి. నేరుగా అంకెలు రాస్తే 175000ఎల్‌ఎల్ * 15000 అని చివర ఎల్‌ఎల్ తగిలించండి, పెద్దక్షరాల్లో. చిన్న ఎల్ అక్షరం 1 అంకెలా కనిపించి మోసం చేస్తుంది.

టర్బో సి ఇంకా వాడే ల్యాబుల్లో ఇంట్ 16 బిట్లే, గరిష్ఠం 32767. అక్కడ 250 * 200 అంటే 50000 రాదు, -15536 వస్తుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద సరిగ్గా నడిచిన ప్రోగ్రాం ల్యాబులో తప్పు చూపిస్తే ముందు ఇదే అనుమానించండి. అక్కడ లాంగ్ వాడి %ఎల్‌డితో ప్రింట్ చేయాలి. లాంగ్ విషయంలో ఇంకో తేడా ఉంది: 64 బిట్ లైనక్స్‌లో లాంగ్ 64 బిట్లు, 64 బిట్ విండోస్‌లో 32 బిట్లే. పెద్ద అంకె కచ్చితంగా పట్టాలంటే లాంగ్ లాంగ్ మీదే నమ్మకం పెట్టుకోవాలి, ప్రమాణం దానికి కనీసం 64 బిట్లు ఇస్తుంది.

అన్‌సైన్డ్ కలిస్తే

అన్‌సైన్డ్ ఇంట్‌లో రుణ సంఖ్య ఉండదు. గోదాంలో 5 బస్తాలుండగా 7 తీసేస్తే -2 అని చూపించదు, 4294967294 అని చూపిస్తుంది. ఇంట్, అన్‌సైన్డ్ ఇంట్ ఒకే లెక్కలో కలిస్తే ఇంట్ కూడా అన్‌సైన్డ్‌గా మారిపోతుంది. అందుకే -1 < 1యు అన్న పోలిక అబద్ధం అవుతుంది, -1 అక్కడ 4294967295 అయిపోతుంది.

సైజ్‌ఆఫ్ (ఎన్ని బైట్లో చెప్పేది), ఎస్‌టిఆర్‌లెన్ (స్ట్రింగ్ పొడవు చెప్పేది) ఇచ్చే జవాబులు అన్‌సైన్డ్ రకమే. ఖాళీ స్ట్రింగ్ మీద ఎస్‌టిఆర్‌లెన్(పేరు) - 1 అంటే -1 రాదు, చాలా పెద్ద సంఖ్య వస్తుంది, దాని మీద నడిచే లూపు ఆగదు. ముందు (ఇంట్)ఎస్‌టిఆర్‌లెన్(పేరు) అని మార్చి, ఆ తర్వాత 1 తీసేయండి. "నిల్వ ఎప్పుడూ రుణం కాదు కదా" అని అన్‌సైన్డ్ పెట్టుకోవడం సహజమే. అయినా తీసివేతలు జరిగే చోట మామూలు ఇంట్ పెట్టుకుంటేనే మంచిది. కనీసం -2 అని కనిపిస్తే తప్పు జరిగిందని తెలుస్తుంది.

డబ్బు, ఫ్లోట్

ఫ్లోట్‌కు 24 బిట్ల కచ్చితత్వం ఉంటుంది, దశాంశంలో నమ్మదగింది ఆరు అంకెలు. 175000.35 రూపాయలను ఫ్లోట్‌లో పెట్టి %.2ఎఫ్‌తో ప్రింట్ చేయండి, 175000.34 అని వస్తుంది. ఆ పరిమాణంలో ఫ్లోట్ విలువలు 0.015625 చొప్పున అడుగులేస్తాయి, .35 మీద అడుగు పడదు, దగ్గర్లోని .34375 మీద పడుతుంది. పైసా పోయింది. డబుల్‌లో పెడితే 175000.35 సరిగ్గానే వస్తుంది. కాబట్టి సి లో ఫ్లోట్ వాడటానికి ప్రత్యేక కారణం లేకపోతే డబులే పెట్టుకోండి.

డబుల్ కూడా 0.1ని పూర్తి కచ్చితంగా పట్టలేదు, బైనరీలో అది ముగియని భిన్నం. 0.29*100 డబుల్‌లో 28.999999999999996 అవుతుంది, దాన్ని ఇంట్‌లో వేస్తే 28. పాయింటు తర్వాతది తెగిపోతుందే తప్ప రౌండు కాదు. రౌండు కావాలంటే మ్యాథ్ హెడర్లో ఉన్న ఎల్‌రౌండ్ వాడండి. (ఇంట్)(x + 0.5) అన్న పాత కిటుకు రుణ సంఖ్యల దగ్గర తప్పుతుంది: -2.7కి -3 బదులు -2 ఇస్తుంది.

రెండు డబుల్ విలువలను == తో పోల్చకండి. 0.1 + 0.2 == 0.3 అబద్ధం అవుతుంది. తేడా చాలా చిన్నదా అని చూడాలి: ఎఫ్‌ఏబీఎస్(ఎ - బి) < 0.000001. ఇక్కడ ఎఫ్‌ఏబీఎస్ బదులు ఏబీఎస్ రాస్తే కొత్త తప్పు మొదలవుతుంది. ఏబీఎస్ ఇంట్ తీసుకుంటుంది, -0.4 దాని దగ్గరికి వెళ్లేసరికి 0 అయిపోతుంది, ఒకటి లోపు తేడాలన్నీ సమానమే అంటుంది.

లెక్క సరైనా, తెర అబద్ధం చెప్పినప్పుడు

నౌపడా నుంచి గుణుపురం రైలు దారి 90 కిలోమీటర్లు. 4 గంటలు పట్టిందనుకుంటే సగటు వేగం 90/4.0, అంటే 22.5. లెక్క సరిగ్గా రాశారు. కానీ ప్రింట్ఎఫ్("%డి", 90/4.0) అంటే పిచ్చి అంకె వస్తుంది, ఒక్కోసారి నడిపినప్పుడల్లా మారుతుంది. ప్రింట్ఎఫ్‌కు ఏ టైపు వచ్చిందో తెలియదు, మీరు కొటేషన్‌లో చెప్పిందే నమ్ముతుంది. %డి అంటే ఇంట్ కోసం చూస్తుంది, అక్కడ ఇంట్ లేదు. ఇది భాగహారం తప్పనుకుని లెక్కను మార్చేస్తే ఉన్నది కూడా చెడుతుంది. ఇంట్‌కి %డి, అన్‌సైన్డ్‌కి %యు, లాంగ్ లాంగ్‌కి %ఎల్‌ఎల్‌డి, డబుల్‌కి %ఎఫ్, సైజ్‌ఆఫ్‌కి %జడ్‌యు. శాతం గుర్తు తెరమీద కావాలంటే %% అని రెండుసార్లు.

స్కాన్ఎఫ్ దగ్గర నియమం ఇంకా గట్టిది. డబుల్ చదవడానికి %ఎల్‌ఎఫ్ తప్పనిసరి. %ఎఫ్ రాస్తే 8 బైట్ల చోటులో 4 బైట్లే నిండి, అర్థంలేని విలువ తయారవుతుంది. పాత టర్బో సి లో "ఫ్లోటింగ్ పాయింట్ ఫార్మాట్స్ నాట్ లింక్డ్" అని వచ్చి ప్రోగ్రాం ఆగిపోతే మాత్రం అది మీ తప్పు కాదు. స్ట్రక్చర్లో ఫ్లోట్‌ను చదివేటప్పుడు ఎక్కువగా వస్తుంది. ఒక మామూలు ఫ్లోట్ వేరియబుల్ అడ్రసును తీసుకునే చిన్న ఫంక్షన్ ఒకటి ప్రోగ్రాంలో పెడితే లైబ్రరీ కలిసి, పని జరుగుతుంది.

చిన్నవే గానీ కొట్టేవి

'5' + 1 అంటే 6 కాదు, 54. '5' అనేది అక్షరం, దాని ఆస్కీ కోడ్ 53. అంకె కావాలంటే '5' - '0'.

2^3 అంటే 8 కాదు, 1. సి లో ^ ఘాతం కాదు, బిట్ల మీద పనిచేసే గుర్తు. ఘాతానికి పౌ ఫంక్షన్ ఉంది, అది డబుల్ ఇస్తుంది. పౌ(n, 2)ను నేరుగా ఇంట్‌లో వేస్తే కొన్ని పాత 32 బిట్ విండోస్ కంపైలర్లలో 5 వర్గం 24 అని వచ్చిన సందర్భాలున్నాయి. వర్గానికి n*n, ఘనానికి n*n*n రాసుకుంటే ఏ బాధా లేదు.

తప్పు ఎక్కడుందో వెతికే పద్ధతి

మొదట హెచ్చరికలన్నీ తెరిచి కంపైలు చేయండి: -డబ్ల్యుఆల్ -డబ్ల్యుఎక్స్‌ట్రా -డబ్ల్యుకన్వర్షన్. డబ్ల్యు పెద్దక్షరం, మిగతావి చిన్నవి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. మొదటిది ప్రింట్ఎఫ్, స్కాన్ఎఫ్ తప్పులు పట్టిస్తుంది. రెండోది ఇంట్‌ని అన్‌సైన్డ్‌తో పోల్చిన చోట్లు చూపిస్తుంది. మూడోది టైపు మారడంలో విలువ నష్టపోయే చోట్లు. ఎర్రర్లు చాలా ఉంటే మొదటిది ఒక్కటే సరిచేసి మళ్లీ కంపైలు చేయండి, కిందవి చాలావరకు దాని వెనకే వచ్చినవై ఉంటాయి. "ఇన్వాలిడ్ ఆపరాండ్స్" లాంటి సందేశంలో "హావ్" తర్వాత కొటేషన్‌లో ఉన్న రెండు టైపులే మీకు కావాల్సిన సమాచారం.

కంపైలు అయి కూడా జవాబు తప్పితే, పొడుగు లెక్కను ముక్కలు చేయండి. ఒక్కో గుర్తుకు ఒక్కో వరస, ఒక్కో వరస తర్వాత ఒక ప్రింట్ఎఫ్. ఎక్కడ కాగితం మీది విలువకీ తెరమీది విలువకీ తేడా వచ్చిందో, ఆ గుర్తు రెండు పక్కల టైపులు చూడండి. లైనక్స్‌లో అయితే -ఎఫ్‌శానిటైజ్=అన్‌డిఫైన్డ్ చేర్చి నడపండి. పైన చెప్పిన ధర * బస్తాలు లాంటి లెక్క పొంగినప్పుడు, "సైన్డ్ ఇంటీజర్ ఓవర్‌ఫ్లో" అంటూ వరస నంబరుతో సహా చూపిస్తుంది.

ఒక బిల్లు, మొదటినుంచి చివరిదాకా

ధాన్యం బిల్లు. బస్తాలు 37, ఒక్కోటి 40.5 కిలోలు, క్వింటాలు 2300 రూపాయలు, కమిషన్ ఒకటిన్నర శాతం. ల్యాబుల్లో తరచూ కనిపించే రాత ఇలా ఉంటుంది:

ఇంట్ బస్తాలు, బరువు, రేటు;
స్కాన్ఎఫ్("%డి", &బస్తాలు);
స్కాన్ఎఫ్("%డి", &బరువు);
స్కాన్ఎఫ్("%డి", &రేటు);
ఫ్లోట్ క్వింటాళ్లు = బస్తాలు * బరువు / 100;
ఫ్లోట్ విలువ = క్వింటాళ్లు * రేటు;
ఫ్లోట్ కమిషన్ = 3 / 2 * విలువ / 100;

నడిపి, 40.5 కొడితే %డి 40 వరకే చదువుతుంది. ".5" ఇన్‌పుట్‌లోనే ఆగిపోతుంది. తర్వాతి స్కాన్ఎఫ్ ఆ చుక్కను చూసి, అది అంకె కాదని వెనక్కి తగ్గుతుంది, మీరు రేటు కొట్టేదాకా ఆగదు. రేటులో చెత్త ఉండిపోతుంది. "మూడోది అడగకుండానే దాటిపోతోంది" అన్న ఫిర్యాదుకు మూలం ఇదే. స్కాన్ఎఫ్ ఎన్ని విలువలు చదివిందో తిరిగి ఇస్తుంది. అది 1 కాకపోతే అక్కడే ఆపేయడం అలవాటు చేసుకోండి.

రేటు సరిగ్గా అందిందనుకున్నా, 37 * 40 / 100 ఇంట్‌లో 14 అవుతుంది, నిజానికి 14.985 ఉండాలి. విలువ 32200. 3 / 2 అంటే 1, కాబట్టి కమిషన్ 1 శాతమే పడి 322 వస్తుంది. అసలు విలువ 34465.50, అసలు కమిషన్ 516.98.

త్వరగా కావాలంటే అన్నీ డబుల్ చేసి, %ఎల్‌ఎఫ్‌తో చదివి, 1.5 * విలువ / 100.0 అని రాయండి, సరిపోతుంది. డబ్బు పైసా దాకా కలవాలంటే మాత్రం బరువు గ్రాముల్లో, డబ్బు పైసల్లో పెట్టి పూర్ణాంకాలతోనే నడపాలి. క్వింటాలు అంటే 1,00,000 గ్రాములు:

లాంగ్ లాంగ్ బస్తాలు = 37, గ్రాములు = 40500, రేటు = 230000;
లాంగ్ లాంగ్ బరువు = బస్తాలు * గ్రాములు;
లాంగ్ లాంగ్ విలువ = (బరువు * రేటు + 50000) / 100000;
లాంగ్ లాంగ్ కమిషన్ = (విలువ * 15 + 500) / 1000;
లాంగ్ లాంగ్ చేతికి = విలువ - కమిషన్;
ప్రింట్ఎఫ్("%ఎల్‌ఎల్‌డి.%02ఎల్‌ఎల్‌డి", చేతికి / 100, చేతికి % 100);

బరువు * రేటు 34465 కోట్లు దాటుతుంది, ఇంట్‌లో పట్టే ప్రశ్నే లేదు, అందుకే మొదటినుంచీ లాంగ్ లాంగ్. గుణకారం ముందు, భాగహారం తర్వాత. వరస తిప్పితే మధ్యలో శేషం పోతుంది. భాగించే ముందు హారంలో సగం కలపడం (50000, 500) రౌండు కోసం. ఒకటిన్నర శాతాన్ని 1000కి 15 అని రాసుకున్నాం, దశాంశం అవసరమే పడలేదు. విలువ 3446550 పైసలు, కమిషన్ 51698, చేతికి 3394852. తెరమీద 33948.52.

%02 లోని 02 మర్చిపోతే 5 పైసలు ఉన్న రోజు 33948.05 బదులు 33948.5 అని పడుతుంది, చదివేవాళ్లు 50 పైసలనుకుంటారు. ప్రోగ్రాం అయ్యాక 0 బస్తాలు, 1 బస్తా, 15000 బస్తాలు, చివర 5 పైసలు వచ్చే విలువ ఒకటి, ఈ నాలుగూ కాగితం మీద చేసిన లెక్కతో పోల్చి చూడండి. చేతికి రుణంలోకి వెళ్లే అవకాశం ఉన్న బిల్లయితే, అంటే అడ్వాన్సు తీసేసే బిల్లయితే, గుర్తును విడిగా ప్రింట్ చేసి, / 100కీ % 100కీ ధన విలువనే ఇవ్వాలి. లేకపోతే -5.-25 లాంటిది తెరమీద పడుతుంది.